అర్థం ఎవరిది? అవసరం ఎవరిది?

గ్రంథాలయాలు, పత్రికలు, ఆఫీసులు తమ దగ్గరున్న రాతకోతలన్నిటినీ కంప్యూటర్లలో పెట్టుకుని నడపడానికి వాడే ఏర్పాటును కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం అంటున్నారు. ఆ ఏర్పాటుకి అక్షరాలతో పాటు అర్థాన్ని కూడా గుర్తించే శక్తిని జోడించడమే సెమాంటిక్ టెక్నాలజీ. మంచిదే. అయితే అర్థం అనేది గాల్లో ఉండదు. ఒక మాటకి ఒక అర్థం ఖాయం చేయడమంటే, మిగతా అర్థాలను పక్కన పెట్టడమే. పక్కన పెట్టేది ఎవరు, పక్కకి పోయేది ఎవరి మాట అనే ప్రశ్న వేయకుండా ఈ సాంకేతికత గురించి మాట్లాడటం, భూమి గురించి మాట్లాడుతూ పట్టా ఎవరి పేరున ఉందో అడగకపోవడం లాంటిది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నని కళింగాంధ్ర నుంచి వేస్తుంది.

1

2001లో టిమ్ బెర్నర్స్ లీ, మరో ఇద్దరు కలిసి సెమాంటిక్ వెబ్ అనే ఆలోచనని లోకం ముందు పెట్టారు. సూత్రం చిన్నదే. ప్రతి విషయాన్నీ మూడు ముక్కల వాక్యంగా రాస్తారు: ఒక వస్తువు, ఒక సంబంధం, ఇంకో వస్తువు. ‘యజ్ఞం కథ – రచయిత – కాళీపట్నం రామారావు’. ఇలాంటి వాక్యాలు వేలకి వేలు చేరితే యంత్రం వాటిని కలుపుకుని, మనం విడిగా చెప్పని సంగతిని కూడా తేల్చగలదు. ఏ మాట ఏ మాట కింద వస్తుంది, ఏ రెండు మాటలు ఒకటే అని చెప్పే పట్టికని ఆంటాలజీ అంటున్నారు. 2009లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో, ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ రిసెర్చ్ ఆధ్వర్యంలో ఐకెఎస్ అనే ప్రాజెక్టు మొదలైంది. సెమాంటిక్ శక్తిని మామూలు కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టంలలోకి తేవడమే దాని పని. 2011లో వచ్చిన డ్రూపల్ ఏడో రూపంలో ఇలాంటి గుర్తులు పెట్టే ఏర్పాటు మొదటినుంచే ఉంది.

ఇలాంటి పనికి మొదటి మెట్టు ‘అవసరాల సేకరణ’. ఎవరికి ఏం కావాలో అడిగి, జాబితా రాసి, ముందు ఏది వెనక ఏది అని తేల్చుకోవడం. అడగడం ప్రజాస్వామికమైన పనిలాగే కనిపిస్తుంది. కానీ మామూలుగా అడిగేది ఎవరిని? సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థని, దాన్ని కొనే సంస్థని, లోపల కూర్చుని రాతలు ఎక్కించే ఎడిటర్ని. ఆ రాతల్లో ఎవరి బతుకు ఉందో వాళ్ళని అడిగే గడి ఆ ఫారంలో ఉండదు. ‘వినియోగదారుడు’ అనే మాటలోనే వాళ్ళు బయట నిలబడిపోతారు. ఊరు గురించి కరణాన్ని అడిగి వాడ గురించి రాసుకున్న కాలం మనకి కొత్త కాదు. ఇప్పుడు కరణం చేతిలో కంప్యూటరు ఉంది, అంతే తేడా.

వర్గీకరణ అమాయకమైన పని కాదని గ్రంథాలయ శాస్త్రమే చెబుతోంది. 1876 నాటి డ్యూయీ పద్ధతిలో మతానికి ఇచ్చిన నూరు సంఖ్యల్లో ఎక్కువ భాగం క్రైస్తవానికి పోయి, ప్రపంచంలోని మిగతా మతాలన్నీ 290 అనే ఒక్క గదిలో ఇరుక్కున్నాయి. మన దేశంలో ఇంతకన్నా పాత ఆంటాలజీ ఒకటుంది. ఎవరు ఎవరి కింద వస్తారో, ఎవరు ఎక్కడ ఉండాలో చెప్పి, దాన్ని ఊరు–వాడగా నేల మీద గీసిన పట్టిక అది. కాబట్టి పట్టికలంటే మనకి అనుమానం ఉండటం సహజమే. ఉండాల కూడా.

2

మన ప్రాంతంలో ఈ చర్చకి నిజమైన స్థలం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం. తెలుగు కథ మొత్తాన్ని ఒకచోట చేర్చాలన్న పట్టుదలతో, పాత పత్రికలు ఒక్కొక్కటిగా పోగుచేసి ఆయన కట్టిన ఇల్లు అది. 2021 జూన్ 4న ఆయన కన్నుమూశారు. కథల స్కాన్లు, వివరాలు కంప్యూటర్ మీద కూడా అందుబాటులోకి వచ్చాయి. కథ పేరు, రచయిత, పత్రిక, తేదీ – ఈ నాలుగూ తెలిస్తే కథ దొరుకుతుంది. దేశంలో చాలా భాషలకి ఈ పాటి వసతి కూడా లేదు. ఆ శ్రమని తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. ఆ శ్రమ పునాది మీద రేపు అర్థాన్ని జోడించే పని ఎవరు చేసినా, ఏం అడగాలో ఇప్పుడే తేల్చుకోవాలని మాత్రమే అంటున్నాం.

ఎందుకంటే మన విద్యార్థి వేసే ప్రశ్న వేరు. ‘రెల్లి వాళ్ళ గురించి ఎవరైనా కథ రాశారా? ఎప్పుడు? వాళ్ళలోంచి రాసినవాళ్ళు ఉన్నారా?’ ఈ ప్రశ్నకి రచయిత పేరూ, తేదీ సరిపోవు. అర్థం కావాలి. మరి ఏ అర్థం?

‘యజ్ఞం’నే తీసుకుందాం. 1966లో అచ్చయిన కథ. ఆ కథ పేరున్న సంపుటికే 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సుందరపాలెంలో ఒక దళిత కుటుంబం అప్పు మీద పంచాయితీ నడుస్తుంది. తీర్పు ప్రకారం అప్పు తీర్చక తప్పదు. తీరిస్తే పిల్లల బతుకు కంబారితనమే. సీతారాముడు తన బిడ్డని తానే చంపుకుంటాడు. ఈ కథకి యంత్రం ఏ గుర్తు పెడుతుంది? ‘దళిత’ అన్న మాటతో వెతికితే ఈ కథ దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆ మాట తెలుగు సాహిత్యంలో బలంగా నిలబడింది 1985 జులై 17 నాటి కారంచేడు తర్వాత. ‘వెట్టి’ అని వెతికినా అంతే. వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది 1976లో, కథ అచ్చయిన పదేళ్ళకి. కథలో ఉన్న బతుకుకి కథ తర్వాత పేరు వచ్చింది. యంత్రానికి ఆ ముడి మనం వేసి చెప్పాల.

అది కూడా జాగర్తగా వేయాల. మన దగ్గర కంబారి, మధ్య కోస్తాలో పాలేరు, తెలంగాణలో జీతగాడు. పట్టిక రాసేవాడికి ఈ మూడూ ఒకటే: ‘వ్యవసాయ కార్మికుడు’ కింద మూడు పర్యాయపదాలు. కానీ కార్మికుడు అనగానే కూలి, ఒప్పందం, మానుకునే స్వేచ్ఛ గుర్తుకొస్తాయి. కంబారి అనగానే అప్పు, కులం, తరం నుంచి తరానికి పాకే బాకీ గుర్తుకొస్తాయి. రెంటినీ ఒకటి చేసిన క్షణంలో సీతారాముడు ఆ పని ఎందుకు చేశాడన్నది అర్థం కాకుండా పోతుంది. ఒక్క పర్యాయపదం కథలోని యజ్ఞాన్నే ఆర్పేస్తుంది.

మాటలు జనం దగ్గరకి వెళ్ళి సేకరించాలన్న సంప్రదాయం మనకి ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయపు మాటల్ని జిల్లాల వారీగా పల్లెల్లోంచి తెచ్చింది. 1971లో చేనేత వచ్చింది. అంతకుముందే గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. అయితే ఈ పనుల్లో జనం మాట ఇచ్చేవాళ్ళు, పండితుడు అర్థం రాసేవాడు. ఆ పని విభజన మారలేదు. 1936లో మంగెయి గొమాంగో సవరకి సొంత లిపి తయారుచేసినప్పుడు ఆ గీత దాటారు. ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. అడిగించుకునేవాళ్ళుగా మిగలకుండా, ఏర్పాటు చేసేవాళ్ళుగా నిలబడటం సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

3

ఇక పేర్ల సంగతి. ఆంటాలజీలో ప్రతి భావానికీ ఒక ‘ప్రధాన నామం’ ఉంటుంది, మిగతావి ‘ఇతర నామాలు’. పంచమ, ఆది ఆంధ్ర, హరిజన, దళిత – వీటిలో ప్రధాన నామం ఏది? ‘దళిత’ అని రాసి మిగతావి దాని కిందకి తోస్తే పని అయిపోతుందని మంచి మనసున్న వాళ్ళు కూడా అనుకుంటారు. అవదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సమావేశమైనవాళ్ళు పంచమ అన్న పేరు కాదని ఆది ఆంధ్ర అన్న పేరు తీసుకున్నారు. అది పర్యాయపదం కాదు, తిరస్కారం. ‘హరిజన’ బయటినుంచి పెట్టిన పేరు. ‘దళిత’ పోరాటంలోంచి నిలబెట్టుకున్న పేరు. పేరు ఎవరు పెట్టారు, ఎవరు కాదన్నారు, ఎప్పుడు అన్నది పట్టికలో లేకపోతే ఉద్యమ చరిత్ర అంతా ‘ఇవి కూడా చూడండి’ అనే వరసలో కలిసిపోతుంది.

‘దళిత’ లోపలి మాట కూడా అడగాల. ఎస్సీ జాబితాలో 59 కులాలు. మన జిల్లాల్లో మాల, మాదిగలతో పాటు రెల్లి, పైడి, దండాసి, జగ్గలి వంటి వాళ్ళున్నారు. 1997లో రామచంద్రరాజు కమిషన్ రెల్లి వర్గానికి ఏ గ్రూపు, 1 శాతం అంది. వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు రెల్లి సహా 12 కులాలకు 1 శాతం, మాదిగ సహా 18 కులాలకు 6.5 శాతం, మాల సహా 29 కులాలకు 7.5 శాతం కేటాయించింది. బడిలో, ఉద్యోగంలో విడి లెక్క కావాలని ఇన్నేళ్ళు అడిగినవాళ్ళని సాహిత్యపు పట్టికలో మాత్రం ఒకే ముద్ద చేస్తామా? ఊళ్ళు ఊడ్చిన రెల్లి మనిషి కథ ‘దళిత జీవితం’ అన్న పెద్ద గొడుగు కింద కనపడకుండా పోతే, ఆ గొడుగు పట్టుకున్నది మనమైనా సరే, అది అన్యాయమే.

4

సంఘటనకి పెట్టే పేరు ఇంకా ప్రమాదకరం. 2012 జూన్ 12న వంగర మండలం లక్షింపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయర్ కోసం సేకరించగా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకోవడం తూర్పు కాపు భూస్వాములకి గిట్టలేదు. దీన్ని ‘రెండు వర్గాల ఘర్షణ’ అని రాస్తే ఒక అర్థం, ‘భూ వివాదం’ అని రాస్తే ఇంకో అర్థం, ‘దళితుల ఊచకోత’ అని రాస్తే వేరే అర్థం. మొదటి పేరులో చంపినవాడూ చచ్చినవాడూ సమానం. రెండో పేరులో కులం లేదు. కారంచేడు, చుండూరులతో లక్షింపేటని కలిపే ముడి మూడో పేరులోనే ఉంది. మనిషి రాస్తే అడగొచ్చు, నిలదీయొచ్చు. యంత్రం తనంత తాను పేరు పెట్టినప్పుడు అది నిష్పక్షపాతమన్న వేషం వేసుకుంటుంది.

ఇప్పుడు కొందరు అంటున్నారు: పట్టికలు ఎందుకు, పెద్ద పెద్ద భాషా నమూనాలు చదివి తామే అర్థం చేసుకుంటాయి గదా అని. అవి చదివేది ఏమిటి? అచ్చయినదీ, ఎక్కించినదీ. అచ్చులో ‘ఘర్షణ’ ఎక్కువగా ఉంటే దానికి తెలిసేది ఘర్షణే. పట్టిక రాతలో కనీసం తప్పు ఏ వరసలో ఉందో వేలుపెట్టి చూపొచ్చు. కాబట్టి పట్టిక మీద హక్కు అడగటం పాతబడిన పని కాదు.

స్థలం కూడా నిలకడైన వస్తువు కాదు. లక్షింపేట 2012లో శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4 తర్వాత విజయనగరం జిల్లా. విజయనగరం జిల్లాయే 1979లో పుట్టింది, శ్రీకాకుళం 1950లో. ‘శ్రీకాకుళం’ అని వెతికిన విద్యార్థికి లక్షింపేట తప్పిపోకూడదంటే, ప్రతి స్థలానికీ కాలం జోడించాల. సాంకేతికంగా ఇది చిన్న పని. అడిగేవాడు లేకపోతే ఎవరూ చెయ్యరు.

5

అయితే మనం ఏం అడగాల? మొదటిది, ‘దళితుల గురించి’, ‘దళితులు రాసినది’ – ఈ రెండూ వేర్వేరు సంబంధాలుగా ఉండాల. సానుభూతి, అనుభవం ఒకటి కాదని చేసిన చర్చంతా ఒక్క గుర్తుతో తుడిచిపెట్టడానికి వీల్లేదు.

రెండోది, రచయిత కులం రచయిత చెప్పుకుంటేనే రాయాల. ఇంటిపేరునిబట్టీ, ఊరునిబట్టీ యంత్రం ఊహించకూడదు. 2019 నాటి డేటా రక్షణ బిల్లులో కులాన్ని సున్నితమైన సమాచారంగా చెప్పారు. 2023లో వచ్చిన చట్టంలో అలాంటి ప్రత్యేక తరగతే లేదు. అద్దె ఇంటి కోసం, ఉద్యోగం కోసం పేరు మార్చుకు బతికేవాళ్ళున్న దేశంలో ఇది సాహిత్య సమస్య ఒక్కటే కాదు. కనిపించాలన్న హక్కూ, కనిపించకుండా ఉండే హక్కూ రెండూ మనవే.

మూడోది, ప్రతి గుర్తు పక్కనా అది ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అన్నది ఉండాల. ఒకే కథకి రెండు అర్థాలుంటే రెండూ నిలవాల, తగువుగానే నిలవాల. మూడు ముక్కల వాక్యానికి నాలుగో ముక్కగా ‘ఎవరు అన్నారు’ చేర్చడం ఈ సాంకేతికతలో సాధ్యమే.

నాలుగోది, అచ్చు కానిదానికి కూడా గది ఉండాల. జముకుల కథకి, కళ్ళంలో పాడిన పాటకి ‘రచయిత’ గడి ఖాళీగా ఉందని యంత్రం దాన్ని వెనక్కి పంపేస్తే, చదువు దక్కని మనోళ్ళ జ్ఞానం మళ్ళీ గుమ్మం బయటే.

ఇవన్నీ ఇంజనీర్లకి వదిలేసే పనులు కావు. ఉపాధ్యాయులు తమ విద్యార్థుల చేత ఒక్కో కథకి, తమ వాడలో పెద్దల్ని అడిగి, గుర్తులు రాయించొచ్చు. కంబారి అంటే ఏటి, ఎన్నేళ్ళు చేశావు, ఎలా బయటపడ్డావు అని అడిగి తెచ్చిన సమాధానమే ఆంటాలజీకి అసలు వాక్యం. కార్యకర్తలు లక్షింపేటకి తమ పేరుని తామే రాసి పెట్టొచ్చు. పరిశోధకులు ఆ రాతల్ని పట్టికగా కూర్చవచ్చు. అవసరాల జాబితా పైనుంచి వచ్చేదాకా ఆగితే అందులో మన అవసరం ఉండదు. ముందు మన జాబితా మనం రాసుకుందాం.