చుట్టుదారి

ఈ వారం ఒక ఎగ్జిబిషన్‌లో త్రీడీ ప్రింటింగ్ స్టాల్ కుర్రాడు, "ఇక ఏ లోహాన్ని ఏ లోహంలోకైనా కలిపేయొచ్చు సార్, అంతా కంప్యూటరే చూసుకుంటుంది" అన్నాడు. ఒళ్లు మండింది. చేతిపని ముందు కంప్యూటర్ దిగదుడుపే అన్న నా పాత పాట మీకు కంఠతా వచ్చిందే. మళ్లీ అదే ఎత్తుకున్నాను.

ఎత్తుకోగానే మా ఊరి కమ్మరి తాత గుర్తొచ్చాడు. కొడవలిని కొలిమిలో ఎర్రగా కాల్చి, పట్కారుతో పట్టి, అంచు వరకే నీళ్లలో ముంచేవాడు. వీపు ఇంకా కణకణలాడుతుండగానే పైకి తీసి, అంచుమీద రాయితో ఒక్క రుద్దు రుద్ది, కళ్లు చికిలించి చూసేవాడు. వీపులో మిగిలిన వేడి కిందికి పాకుతుంటే తెల్లటి మెరుపు మీద ఎండుగడ్డి రంగు దిగేది. ఆగితే ఊదా, ఇంకా ఆగితే నీలం. గడ్డి రంగు కనబడిందో లేదో, మళ్లీ నీళ్లలోకి! "నీలం రానిచ్చామా, పదును నిలవదురా" అనేవాడు. అంచు గట్టిది, వీపు మొండిది, నడుమ అతుకే లేదు.

అతుకు లేకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా గుణం మారే గ్రేడెడ్ లోహమంటే ఇదే కదా అని రాయబోయి ఆగిపోయాను. తాత చేతిలో ఉన్నది ఒక్క ఉక్కే. ఆ స్టాల్ కుర్రాడు చెప్పిన గొడవ రెండు లోహాలది. లేజర్ కిందికి రెండు డబ్బాల నుంచి పొడి వస్తుంటే, పొరపొరకీ ఒకటి తగ్గించి ఒకటి పెంచుతారు. స్టెయిన్‌లెస్ స్టీల్ నుంచి క్రోమియం దాకా అలా తిన్నగా పోతే దారిలో సిగ్మా అనే పెళుసు దశ కాచుకుని ఉంటుంది. టైటానియం నుంచి ఇనుముకు పోయినా పెళుసు సమ్మేళనాలే, పగుళ్లే. ఏ సమ్మెటా దానికి మందు కాదు.

కాల్ఫాడ్ అనే లెక్క ఏ పాళ్లలో, ఏ వేడి దగ్గర ఏ దశ ఏర్పడుతుందో పటం గీసిస్తుంది. టెక్సాస్ ఏ అండ్ ఎం పరిశోధకులు ఆ పటంలోని పెళుసు చోట్లను అడ్డుగోడలనుకుని, రోబోలకు దారి వెతికే పద్ధతితో 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీల్ నుంచి క్రోమియానికి చుట్టుదారి కనిపెట్టారు. ఇది ఏ తాత కంటికీ అందేది కాదు. కాబట్టి నా పాట ఈసారికి సగంలోనే ఆగింది.

అలాగని అంతా కంప్యూటరే చూసుకోదు. ఆ పటం నిలకడకొచ్చిన లోహానిది. లేజర్ కింద లోహం సెకనుకు వేల డిగ్రీల వేగంతో చల్లారుతుంది. అందుకే ముక్కను నిలువునా కోసి, అద్దంలా నునుపు చేసి, యాసిడ్ తగిలించి, సిగ్మా ఎక్కడైనా నక్కిందేమోనని మైక్రోస్కోపులో వెతుకుతారు.