వాస్తవం కాని ‘రియల్’ సంఖ్యలు

ఏలూరు నుండి దక్షిణంగా పోతే నేల క్రమంగా పల్లమై కొల్లేటిలో కలుస్తుంది. ఈ ప్రాంతపు లెక్కలలో రెండు తరహాల సంఖ్యలు కనబడతాయి: గట్టుమీద భూమి వాటాలు, సరస్సులో నీటి మట్టం. కంప్యూటరు ప్రోగ్రాముల పాఠాలు తరచుగా ఈ రెంటినీ ఒకే సంచిలో వేస్తున్నవి. చుక్క ఉంటే ‘రియల్’, లేకుంటే పూర్ణాంకం అని చెప్పి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం.

మొదటి తప్పు పేరులోనే ఉన్నది. ఆల్గాల్ 60, పాస్కల్ భాషలు ‘రియల్’ అని పిలిచిన రకంలో √2కు చోటు లేదు, πకు చోటు లేదు. 1985 నాటి ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణం ప్రకారం 64 బిట్ల సంఖ్యకు 53 బిట్ల కచ్చితత్వం మాత్రమే. అందులో ఇమిడే ప్రతి సంఖ్యా అకరణీయ సంఖ్యే. పైగా దాని హారం 2 యొక్క ఘాతమే కావలె. అందుచేత 1/10 సైతం ఇమడదు, 0.1, 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది. (తరగతిలో దీనికి 1/3ను ఉదాహరణగా తీసుకోకండి. మూడుసార్లు కూడితే, సవరింపు ధర్మమా అని, సరిగ్గా 1 వచ్చి ఉపాధ్యాయుణ్ణి నవ్వులపాలు చేస్తుంది.)

తాడేపల్లిగూడెం దగ్గర ఎకరం భూమిని ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నారనుకుందాం. తలకు 33.33 సెంట్లు రాస్తే మొత్తం 99.99. జారిపోయిన నూరోవంతు సెంటు నాలుగు చదరపుటడుగులకు పైమాటే. ఆ ముగ్గురికీ వరుసగా నలుగురు, ఐదుగురు, ఏడుగురు పిల్లలైతే? వాటాలు 1/12, 1/15, 1/21. లవమూ హారమూ విడివిడిగా దాచిన కంప్యూటరులోనే ఈ పదహారు వాటాలూ కలిసి తప్పకుండా ఎకరం అవుతాయి. నేలమీద గొలుసు పట్టినప్పుడు దశాంశం తప్పదు. హక్కు మాత్రం భిన్నమే గదా!

అయితే అన్నిటికీ భిన్నాలే వాడరాదా? ఏబీసీ అనే భాష ఆ పని చేసింది. దానిపై పనిచేసిన గైడో వాన్ రోసమ్ 1991లో పైథాన్‌ను వెలువరించినప్పుడు ఆ పద్ధతిని విడిచిపెట్టాడు. కారణం తెలుసుకోవాలంటే న్యూటన్ పద్ధతిలో √2 కట్టి చూడండి: 3/2, 17/12, 577/408, 665857/470832. మెట్టుమెట్టుకూ అంకెలు దాదాపు రెట్టింపు. పదవ మెట్టులో లవానికే 392 అంకెలు! కంప్యూటరు ఎందుకు నెమ్మదించిందో వాడేవానికి తెలియనే తెలియదు. 2008లో పైథాన్‌కు భిన్నాల గ్రంథాలయం వేరుగా చేరింది. ఇది సరైన ఏర్పాటే. దానిని విద్యార్థికి చూపించకపోవడమే లోపం.

ఇక కొల్లేరు. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లను కొట్టివేశారు. ఐదు అడుగులంటే 1.524 మీటర్లు, ఈ మార్పిడి కచ్చితం. కొలత మాత్రం కాదు. గాలికి నీరు ఊగుతుంది, కొలబద్ద అంగుళం తేడా చూపుతుంది. ఇక్కడ ‘రియల్’ రకమే తగినది, దాని పదహారో అంకెలోని పొరపాటు కొలబద్ద పొరపాటు ముందు ఏపాటి! కాని ఎత్తు 5కు సమానమా అని ప్రోగ్రాం అడగరాదు. పల్లపు నేలలో అంగుళం తేడాకే హద్దు చాలా దూరం జరుగుతుంది. ఒక రైతు చెరువు లోపలిదో బయటిదో దానినిబట్టి తేలుతుంది. మట్టం పక్కనే ‘ఇంత అటూ ఇటూ’ అని మరొక సంఖ్య రాయవలసి ఉన్నది.