నిష్పాక్షికతకు పరీక్ష

అమెరికా చట్టసభకు పరిశోధన సేవలందించే కాంగ్రెషనల్ రీసెర్చ్ సర్వీస్ 1914లో ఏర్పడింది. పార్టీలకు అతీతంగా ఉండడం దాని నియమం. అధికాదాయ వర్గాల పన్ను రేట్ల తగ్గింపునకూ ఆర్థికాభివృద్ధికీ సంబంధం కనిపించడం లేదన్న తన నివేదికను 2012లో రిపబ్లికన్ సెనేటర్ల అభ్యంతరంతో అది ఉపసంహరించింది. ఆ సంగతి ప్రజలకు పత్రికల ద్వారానే తెలిసింది. డిసెంబరులో సవరించి మళ్లీ వెలువరించినా ప్రధాన నిర్ధారణ మారలేదు.

అభ్యంతరం చెప్పడం తప్పు కాదు. కారణం చెప్పకుండా వెనక్కి తీసుకోవడమే లోపం. 2018 చట్టంతో ఈ నివేదికలు ప్రజలందరికీ అందుబాటులోకి వచ్చాయి. సభ్యులు విడిగా కోరిన పత్రాలు నేటికీ గోప్యమే. సభ్యులు నిస్సంకోచంగా ప్రశ్నించడానికి ఆ గోప్యత అవసరం. అయితే అందరికీ ఇచ్చిన నివేదికను మార్చినప్పుడు ఏది, ఎందుకు మారిందో అందులోనే తెలపాలి. ఆధారాలను పాఠకుడు పరీక్షించగలిగినప్పుడే నిష్పాక్షికతకు విలువ.