తల దించితే నడుము తేలుతుంది

ట్రయాథ్లాన్ మీద మనసుపడే మనవాళ్లలో ఎక్కువమంది పరుగు నుంచో సైకిల్ నుంచో వస్తారు. రెండు మూడు మారథాన్లు పూర్తిచేసి, తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలో సైకిల్ తొక్కే అలవాటు పడ్డాక, గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3కి పేరివ్వాలని ఉబలాటపడతారు. అక్కడ ఈత అడ్డం వస్తుంది. 21 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తే మనిషి, పాతిక మీటర్ల పూల్‌లో రెండుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి గోడ పట్టుకుని రొప్పుతుంటాడు. తనకు దమ్ము చాలడం లేదనుకుని మర్నాడు ఇంకో పది లెంగ్తులు ఎక్కువ కొడతాడు. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే సగం భయం లెక్క తెలియకపోవడం వల్లే. 70.3లో ఈత 1.9 కిలోమీటర్లు, సాధారణంగా గడువు గంటా పది నిమిషాలు. పూర్తి ఐరన్‌మ్యాన్‌లో 3.8 కిలోమీటర్లకు 2 గంటల 20 నిమిషాలు. రెండింటిలోనూ లెక్క ఒకటే: 100 మీటర్లకు 3 నిమిషాల 41 సెకన్లు. ఇది వేగం కాదు, నెమ్మది ఈత. ఆ నెమ్మదిని గంటకు పైగా నిలబెట్టుకోగలగాలి, తర్వాత 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కడానికి కాళ్లలో సత్తువ మిగలాలి. పెద్ద వయసులో ఈత మొదలుపెట్టినవాళ్లకు కావలసిందల్లా ఇంతే.

నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. నీటిలో వేగం రెట్టింపు చేయాలంటే సుమారు ఎనిమిది రెట్లు శక్తి పెట్టాలి. కాబట్టి బలం పెంచి వేగం తెచ్చుకోవడం చాలా ఖరీదైన బేరం. ఒంటిని నీటికి తక్కువ అడ్డంగా పెట్టుకోవడం చవక. మనిషి ఛాతీలో ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటుంది గనక అది తేలుతుంది, కాళ్లు మునుగుతాయి. కొవ్వు తక్కువగా, కండ ఎక్కువగా ఉండే పరుగువీరుల కాళ్లు ఇంకా త్వరగా మునుగుతాయి. తల పైకెత్తిన మరుక్షణం నడుము కిందికి జారుతుంది. అప్పుడు మనం అడ్డంగా ఈదడం లేదు, ఏటవాలుగా నిలబడి నీటిని రొమ్ముతో తోసుకుపోతున్నాం.

తల ఎత్తే అలవాటు మనకు ఎక్కడిదో పల్లెలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. నడుముకు ఎండు సొరకాయ బుర్రలో, బెండ్లో, తర్వాతి కాలంలో ఖాళీ క్యానో ట్యూబో కట్టి, గట్టు మీద తాడు పట్టుకున్న మేనమామ ‘కాళ్లాడించరా’ అని కేకలేస్తుంటే వచ్చిన ఈత అది. బావిలో తల పైన ఉండాల్సిందే. పైనుంచి ఎవడు దూకుతాడో చూసుకోవాలి, మెట్టు ఎక్కడుందో చూసుకోవాలి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నాలుగైదు బారలు, అయిపోయింది. ఆ పనికి ఆ పద్ధతి సరైనదే. కానీ 1,900 మీటర్లకు అది చాలదు. అయినా బావి ఈతను చులకన చేసేవాళ్లతో నేను ఏకీభవించను. కాలికి నేల తగలని నీళ్లలో జంకు లేకుండా ఉండటం బావి ఇచ్చిన వరం. నాలుగడుగుల నీళ్లలో, పక్కనే గోడ ఉండగా నేర్చుకున్న మనిషికి సముద్రంలో మొట్టమొదట కొరవడేది ఆ ధీమాయే.

మనం ఇప్పుడు ఫ్రీస్టైల్ అంటున్న ఫ్రంట్ క్రాల్ కూడా నాగరికుల పూల్‌లో పుట్టింది కాదు. 1844లో ఉత్తర అమెరికా ఆదివాసులైన ఓజిబ్వే ఈతగాళ్లు ఇద్దరు లండన్‌లో చేతులు గిరగిరా తిప్పుతూ ఈది చూపిస్తే, రొమ్ము ఈతకు అలవాటుపడ్డ ఆ ఊరివాళ్లు వింతగా చూశారు, నేర్చుకోలేదు. 1870లలో ఇంగ్లిష్ ఈతగాడు జాన్ ట్రడ్జెన్ దక్షిణ అమెరికాలో చూసి వచ్చిన పద్ధతిలో చేతులు నీటి పైనుంచి వేసి చూపాడు. తర్వాత సిడ్నీలో సాలమన్ దీవుల కుర్రాడు అలిక్ విక్‌హామ్, ఈతగాళ్ల కుటుంబమైన కావిల్ సోదరులు దానికి కాళ్ల ఆట జతచేశారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో హవాయి యువకుడు డ్యూక్ కహనమోకు 100 మీటర్ల స్వర్ణం గెలిచాక ఇక వాదన లేకపోయింది. అతను పెరిగిన వైకీకీ తీరంలోని రఫ్‌వాటర్ ఈత పోటీ దూరమే, 1978లో ఓహూ దీవిలో జరిగిన మొదటి ఐరన్‌మ్యాన్‌కు ఈత దూరమైంది. ఆ రోజు బయలుదేరింది 15 మంది, పూర్తిచేసింది 12 మంది.

పెద్దవాళ్లకు ఈత నేర్పడంలో అసలు మలుపు అమెరికన్ కోచ్ టెర్రీ లాఫ్లిన్‌తో వచ్చిందని నా అభిప్రాయం. 1989లో ఆయన మొదలుపెట్టిన టోటల్ ఇమ్మర్షన్ పద్ధతి పోటీ ఈతగాళ్ల సాధనను తిరగేసింది. ముందు ఒంటిని నీటిలో సమంగా తేలనివ్వండి, తర్వాత పొడుగ్గా సాగండి, చివర్లో బలం సంగతి చూద్దాం అన్నాడు. రోజూ వేల మీటర్లు కొట్టే పిల్లలకు కోచ్‌లు చెప్పేది వేరు, ఆఫీసు నుంచి వచ్చి వారానికి మూడు రోజులు నీటిలో దిగే నలభై ఏళ్ల మనిషికి కావలసింది వేరు. ఆ తేడాను లాఫ్లిన్ గట్టిగా పట్టుకున్నాడు. 2017లో కన్నుమూశాడు.

అలా తేలడానికి కూడా ముందు రావలసిన పాఠం ఊపిరి. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. నీటి కింద ఊపిరి బిగబట్టి, మొహం పైకి రాగానే ఒక్క క్షణంలో వదిలి పీల్చాలని చూడటం కొత్తవాళ్లందరూ చేసే పని. రొప్పు ఆక్సిజన్ అయిపోయి రావడం లేదు, లోపల పేరుకున్న బొగ్గుపులుసు వాయువు బయటికి పోక వస్తోంది. మొహం నీటిలో ఉన్నంతసేపూ ముక్కు నుంచి, నోటి నుంచి సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. తల పక్కకు తిరిగేసరికి లోపల ఖాళీ అయి ఉంటే గాలి దానంతటదే వస్తుంది. తిప్పేటప్పుడు తల ఎత్తకూడదు, ఒంటితో పాటు దొర్లాలి, ఒక కంటి గాగుల్ నీటిలోనే ఉండాలి. లోతు తక్కువ చోట గోడ పట్టుకుని నిలబడి, మొహం ముంచి, బుడగలు వదిలి, పక్కకు తిరిగి పీల్చడం పది నిమిషాలు చేయండి. చుట్టూ ఎనిమిదేళ్ల పిల్లలు చేప పిల్లల్లా తిరుగుతుంటే సిగ్గుగా ఉంటుంది. ఉండనివ్వండి.

తర్వాతి పాఠం సమతూకం. గోడను తన్ని, చేతులు ముందుకు చాచి, చూపు నేరుగా పూల్ అడుగున పెట్టి కదలకుండా జారండి. నడుము ఎక్కడుందో ఒళ్లే చెబుతుంది. ఛాతీని కాస్త కిందికి నొక్కితే తుంటి పైకి వస్తుంది. ఆ తేడా ఒక్కసారి తెలిశాక మనిషి మళ్లీ పాత ఈతకు పోడు. పక్కకు పడుకుని, కింది చేయి చాచి, నెమ్మదిగా కాళ్లాడిస్తూ వెళ్లే డ్రిల్ కూడా ఇందుకోసమే. పొట్టి ఫిన్స్ వేసుకుంటే మొదట్లో తేలిక.

కాళ్ల సంగతి క్లుప్తంగా. పరుగెత్తేవాళ్ల చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి, మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు తన్నుతారు. కిక్‌బోర్డు పట్టుకుని అలా తన్నితే ఉన్నచోటే ఉండిపోవడం ఖాయం. తుంటి నుంచి ఆడించాలి, పాదం వదులుగా ఉండాలి, దూరపు ఈతకు చేతికొక తాపు చాలు.

చేతి పని ఇంకా సూక్ష్మం. చాచిన చేయి నీటిని కిందికి నొక్కకూడదు, నొక్కితే తల లేస్తుంది. మోచేయి పైనే ఉంచి, వేళ్లు అడుగుకు చూపేలా ముంజేతిని వంచి, అరచేయి నుంచి మోచేతి దాకా మొత్తాన్ని తెడ్డుగా చేసి వెనక్కి తోయాలి. ఇది మాటల్లో చదివితే రాదు. తోటి ఈతగాడి చేతికి వాటర్‌ప్రూఫ్ కెమెరా ఇచ్చి నీటి కింద వీడియో తీయించుకోండి. మనం చేస్తున్నామనుకునేది, నిజంగా చేస్తున్నది ఎంత వేరో తెలుస్తుంది.

లాఫ్లిన్ శిష్యుల్లో కొందరు ప్రతి బారకూ ఎక్కువసేపు జారుతూ, చేతులు ఆపేసి, వేగం పోగొట్టుకుంటారు. ఈ విషయంలో విమర్శకుల మాటే సరైంది. సముద్రపు అలల మీద జారుడు పనిచేయదు, లయ ఆగకుండా సాగాలి. కాబట్టి ఒళ్లు తేలడం కుదిరాక గడియారం చూడటం మొదలుపెట్టండి. ఒక రోజు బాగా ఒళ్లు వేడెక్కాక 400 మీటర్లు, విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు గట్టిగా ఈదండి. 400కు 10 నిమిషాలు, 200కు 4 నిమిషాల 40 సెకన్లు పట్టాయనుకోండి. తేడా 5:20, అందులో సగం 2:40. మీరు 100 మీటర్లకు నిలబెట్టుకోగల వేగానికి అది దగ్గరి అంచనా. ఆ వేగంతో వందలు వందలుగా, మధ్యలో చిన్న విరామాలతో ఈదడమే సాధన. ఆదివారం ఒక్కరోజు రెండు గంటలు కొట్టేకంటే వారంలో నాలుగు రోజులు ముప్పావు గంట చొప్పున దిగడం మేలు. నీటి స్పర్శ త్వరగా మరిచిపోతాం.

సముద్రంలో లేన్ గీతలు ఉండవు. ఏడెనిమిది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రమే నీటి పైకి తెచ్చి బోయా ఎక్కడుందో చూసి, వెంటనే తల దించాలి. ముందు వెళ్లేవాళ్ల పాదాల వెనక ఈదితే శ్రమ బాగా తగ్గుతుంది, ఈతలో అది నిబంధనలకు లోబడినదే. ఉప్పునీరు కాస్త ఎక్కువ తేలుస్తుంది. గోవాలాంటి వెచ్చటి నీటిలో వెట్‌సూట్ మీద ఆశ పెట్టుకోవద్దు.

పోటీకి డబ్బు కట్టేముందు పూల్‌లో 2,000 మీటర్లు ఆగకుండా ఈది చూసుకోండి, కనీసం మూడుసార్లు సముద్రంలో ఈదండి. విశాఖ తీరంలోనైనా, ఊరి చెరువులోనైనా, కాలువలోనైనా ఒంటరిగా దిగకండి. నడుముకు రంగు బోయా కట్టుకోండి, అనుభవమున్న మనిషిని పక్కన పెట్టుకోండి, గట్టు మీద ఒకరిని చూస్తూ ఉండమనండి.