పాచిక లెక్కలో పడని పని

జాగారం రాత్రుల్లో వైకుంఠపాళి ఆడని ఇల్లు మనలో చాలామందికి గుర్తుండదు. ఆ పటంలో పాములకి రాక్షసుల పేర్లు, నిచ్చెనలకి సద్గుణాలు, అన్నిటికీ పైన పరమపదం. 1890లలో ఇంగ్లండులో అచ్చయిన పటంలో పొదుపు, శ్రమ, పశ్చాత్తాపం సద్గుణాలయ్యాయి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాముల్ని తీసేసి జారుడుబల్లలు పెట్టింది. ఎక్కడం, దిగడం అలాగే ఉన్నాయి. ఏది పుణ్యమో, ఏది పాపమో చెప్పే అధికారం మాత్రం చేతులు మారింది. ఆటని ఒక పద్ధతిలోంచి మరో పద్ధతిలోకి మార్చేవాళ్ల చేతిలో ఉండేది ఈ అధికారమే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, అనకాపల్లిలో మా ఇంట్లో కొంతకాలంగా ఆదివారాలు అలాంటి పనే జరుగుతోంది. నేనూ, సాహిత్యం చదువుకుంటున్న నలుగురు అమ్మాయిలూ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడుతున్నాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట అది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలో పాత్ర అయి, ఏం చెయ్యదల్చుకున్నారో నోటితో చెప్తారు. అది నెరవేరుతుందో లేదో పాచికలు, నియమాల పుస్తకం తేలుస్తాయి. ఆడుకోవడానికి కోటలు, గుహలు, నిధులతో అల్లిన కథలు విడి పుస్తకాలుగా దొరుకుతాయి. నియమాలకి కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా పాత కథల్ని అందులోకి మార్చుకోవాలి. ఆ మార్పుని నేను అనువాదంగానే చూస్తాను.

ఇందులో సులువైన భాగం ఉంది. 1978 నాటి నియమాల్లో కవచం అంకె తగ్గేకొద్దీ రక్షణ ఎక్కువ. 2000లో వచ్చిన మూడో కూర్పు నుంచి అంకె పెరిగేకొద్దీ ఎక్కువ. ఇరవైలోంచి పాత అంకె తీసేస్తే సరిపోతుంది, 3 ఉన్నచోట 17 అవుతుంది. మా ఊరి బెల్లం మార్కెట్లో మణుగుల లెక్కని కిలోల్లోకి మార్చినట్టే. చిక్కంతా తూకానికి లొంగని వాటితోనే.

అదే 1978 పుస్తకం మనిషి జాతి స్త్రీ పాత్రకి బలంలో ఒక హద్దు గీసింది. యోధుడు మగవాడైతే గరిష్ఠం 18/100, ఆడదైతే 18/50. మంత్రాలతో ఎగిరే లోకంలో, డ్రాగన్లు మాట్లాడే లోకంలో, ఊహకి అందనిది బలమైన ఆడదొక్కతే! 1989లో వచ్చిన రెండో కూర్పు ఈ హద్దుని ఎత్తేసింది. అయితే ఆ హద్దు కింద రాసిన కథల్లోని యోధురాలిని కొత్త కూర్పులోకి తెచ్చేటప్పుడు ఆమె అంకెని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే, రద్దయిన నియమం కూడా ఆమె వెంట నడిచి వస్తుంది. మూల విధేయత అని మనం మెచ్చుకునేది ఒక్కోసారి ఇదే.

ఇక జీన్ వెల్స్ సంగతి. ఆ ఆటని ప్రచురించిన టీఎస్ఆర్ కంపెనీ రూపకల్పన విభాగంలో చేరిన మొదటి స్త్రీ ఆమె. 1979లో 'డ్రాగన్' పత్రికలో నియమాల మీద పాఠకుల సందేహాలకి జవాబులిచ్చే శీర్షిక మొదలుపెట్టిందీ ఆమే. 1981లో ఆమె రాసిన 'ప్యాలెస్ ఆఫ్ ద సిల్వర్ ప్రిన్సెస్' ప్రతులు అచ్చయ్యాక, కొన్ని బొమ్మల మీద అభ్యంతరంతో కంపెనీ వెనక్కి తీసుకుంది. టామ్ మోల్డ్‌వే తిరగరాసిన ప్రతి ఇద్దరి పేర్లతో వచ్చింది. అభ్యంతరం బొమ్మల మీద, మారింది కథ. వెల్స్ కోట వందల ఏళ్ల కిందట పాడుపడినది. కొన్ని గదుల్ని ఆడేవాళ్ల ఊహకి ఖాళీగా వదిలింది. మోల్డ్‌వే ప్రతిలో రాకుమారి చెరలో పడి, ఎవరో వచ్చి విడిపించాల్సిన మనిషి అయింది. నిర్మాణం చూస్తే రెండోదే బిగువైనదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ బిగువు కోసం ఎవరి ఖాళీలు పూడ్చారో చూడకుండా ఉండలేను.

తిరగరాత ఎప్పుడూ స్త్రీ పాత్రని కుదిస్తుందనడం లేదు. మా జిల్లాలోని సర్వసిద్ధి రాయవరంలో పుట్టిన గురజాడ 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'ని 1909లో తిరగరాసినప్పుడు మధురవాణి ఎంత ఎదిగిందో మనకి తెలుసు. ప్రశ్న అల్లా, మారిన రూపం ఎవరి పనికి చోటిస్తోందన్నదే.

ఈ ప్రశ్న మా బల్ల దగ్గరే ఎదురైంది. 1981 నియమాల్లో బయటికి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక అనుభవ పాయింటు. పోరు తప్పించుకుని నిధి తెచ్చేవాళ్లే తెలివైనవాళ్లు. 2014 నాటి ఐదో కూర్పులో పాయింట్లు ప్రధానంగా ఓడించిన శత్రువులకి. పోరాటం కాని పనికి ఇవ్వాలా వద్దా అన్నది కథ నడిపేవారి ఇష్టం. ఆ 'వెండి రాకుమారి' కథని ఐదో కూర్పులోకి మార్చి ఆడుతుంటే, ఒకమ్మాయి కాపలావాణ్ణి మాటల్లో పెట్టి, వాడి గాయానికి కట్టు కట్టి, కత్తి దుయ్యకుండానే అందర్నీ లోపలికి తీసుకెళ్లింది. తర్వాత లెక్క చూసుకుని, "మేడమ్, నేను చేసింది ఇందులో ఎక్కడ రాయాలి?" అంది.

రాయడానికి గడి లేదు. అంకెలన్నీ సరిగ్గా మార్చాం, కథ ఒక్క ముక్క పోలేదు, అయినా పాత నియమాల్లో గెలుపయిన పని కొత్తవాటిలో లెక్కకి రాకుండా పోయింది. వంటా, సేవా, సర్దిచెప్పడం ఇళ్లలో ఏ లెక్కకీ రాకపోవడం గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నవాళ్లం, ఆటలో అదే గడి ఖాళీగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అలా పాయింట్లు కలపడం మూలానికి ద్రోహం కాదా అని ఒక మిత్రురాలు అడిగింది. మూలంలో ఆ పనికి ఫలితం ఉంది. దాన్ని పోగొట్టడమే ద్రోహమని నా వాదన. అందుకే మా తెలుగు ప్రతిలో పోరు లేకుండా దాటిన ప్రతి గదికీ పాయింట్లు ఇంతని ముందే నియమంగా రాసుకున్నాం. నడిపేవారి దయకి వదల్లేదు. ఇష్టమైతే ఇచ్చేదాన్ని హక్కు అనరని ఈ పాఠకులకి నేను వేరే చెప్పక్కర్లేదు.