కుడితి గోలెం పోయింది, డబ్బా ఏది?

వంటింటి తడి చెత్తకు ఏ డబ్బా పెట్టాలని ఈ మధ్య తెలిసినవాళ్లు తరచూ అడుగుతున్నారు. స్టీలుదా, ప్లాస్టిక్కుదా, మట్టిదా? మూత బిగుతుగా ఉండాలా, చిల్లులుండాలా? ఫోన్‌లో బొమ్మలు కూడా చూపిస్తారు. వెదురు పిడి, బొగ్గు ఫిల్టరు, పది లీటర్ల పొట్ట. ధర చూస్తే నెల కూరగాయలు వచ్చేటట్టుంది. నా జవాబు వాళ్లకు చప్పగా అనిపిస్తుంది. ఏదైనా పెట్టండి గానీ చిన్నది పెట్టండి అంటాను.

బాన్సువాడలో ఒక తరం కింద ఈ ప్రశ్న పుట్టేదే కాదు. నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లు ఇవి. 1931లో డ్యాం పూర్తయి మంజీర నీళ్లు పొలాలకు మళ్లాక వరి వచ్చింది, చెరుకు వచ్చింది, వాటితో పాటే ఎడ్లూ బర్రెలూ పెరిగాయి. దొడ్లో గోడవారగా కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వంచిన గంజి, సొరకాయ చెక్కు, బీరకాయ పొట్టు అన్నీ అందులోకే. పొద్దుగూకేసరికి బర్రె మూతి ముంచి అడుగు కనబడేదాకా తాగేది. బర్రె ముట్టనివాటికి పెంటకుప్ప ఉండనే ఉంది. ఎల్లిగడ్డ పొట్టు, పొయ్యి బూడిద, వాకిలి ఊడ్చిన కసువు, పేడ అక్కడ పొరలు పొరలుగా పడేవి. మృగశిర రాకముందే ఆ పెంటను బండ్ల మీద చేనుకు తోలేవాళ్లు.

ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 వరకు ఎరువు మీద ప్రయోగాలు చేశాడు. యశ్వంత్ వాడ్ అనే సహచరుడితో కలిసి 1931లో, అంటే మన డ్యాం పూర్తయిన ఏడే, ఆ పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. పంట చెత్త, పేడ, బూడిద కలిపిన మట్టి అని ఆయన పేర్చిన పొరల్లో ఉన్నది మన పెంటకుప్పలోని సరుకే. ఆయన దానికి కొలత పెట్టాడు, తేమ చూశాడు, కుప్పను వేళకు తిరగేయించాడు. ప్రపంచం దాన్ని ఇండోర్ పద్ధతి అంది.

ఇప్పుడు బర్రె లేదు, పొయ్యిలో బూడిద లేదు, గోలెం ఉండే చోట మోటర్ సైకిల్ ఉంది. ఊరు మున్సిపాలిటీ అయింది, పొద్దున్నే చెత్త బండి పాట పెట్టుకొని వస్తోంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తలను ఇంట్లోనే వేరు చేయమన్నాయి. అంతకుముందు ఏడాదే హైదరాబాద్‌లో ఇంటికి రెండు చొప్పున 44 లక్షల డబ్బాలు పంచారు. పచ్చది తడికి, నీలిది పొడికి. వాటిలో చాలా డబ్బాలు బియ్యానికీ నీళ్లకీ పనికొచ్చాయి. జనాన్ని తప్పుపట్టలేను. అంత పెద్ద, అంత శుభ్రమైన, మూతున్న డబ్బా ఉచితంగా వస్తే దాంట్లో కుళ్లిన టమాట వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

పెద్ద డబ్బాతో అసలు చిక్కు వేరే ఉంది. అది నిండాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు అర కిలో అటూ ఇటూగా పొట్టూ తొక్కా వస్తుంది. పది లీటర్ల డబ్బా నిండటానికి వారం పడుతుంది. నిండనిది పారబోయడం మనకు అలవాటు లేదు. మే నెలలో, బయట 43 డిగ్రీలున్నప్పుడు, రెండో రోజు ఆ మూత తీసి చూడండి. పైన పుంటికూర కాడలు వాడిపోయి ఉంటాయి. వాటి కింద అరటి తొక్క నల్లబడి మెత్తనవుతుంది. చాయ్‌పత్తి మీద తెల్లటి బూజు దూదిలా లేస్తుంది. మూత లోపలి వైపు నీటి చుక్కలు వేలాడుతుంటాయి. అన్నిటికన్నా అడుగున, కనబడని చోట, గోధుమ రంగు నీరు దిగుతుంది. కూరగాయల్లో ముప్పాతిక మించి నీరే కదా, అదంతా కారి అక్కడ నిలుస్తుంది. ఆ నీటిలో గాలి ఉండదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు అక్కడ రాజ్యం చేస్తాయి, వంటిల్లంతా కంపు కొట్టేది వాటి వల్లనే. నాలుగో రోజుకు కంపోస్టు చేద్దామన్న ఉత్సాహం డబ్బాతో సహా బండిలోకి పోతుంది.

ఈగల లెక్క కూడా చిన్న డబ్బా వైపే ఉంది. పండ్ల మీద వాలే ఆ సన్నటి ఈగ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వెచ్చటి వాతావరణంలో పది రోజులు చాలు. ఒక్క ఆడ ఈగ వందల గుడ్లు పెడుతుంది. అరటిపండు బజారు నుంచి వచ్చేటప్పుడే తొక్క మీద గుడ్లు తెచ్చుకోవచ్చు, కాబట్టి ఎంత బిగించిన మూతైనా వాటిని ఆపలేదు. రోజూ ఖాళీ చేసి కడిగే గిన్నె ఆపుతుంది. రెండు మూడు లీటర్లది, నోరు వెడల్పుది, చెయ్యి అడుగుదాకా పోయి తోమగలిగేది అయితే చాలు.

దేనితో చేసింది అంటారా? స్టీలుది. ప్లాస్టిక్ గీతలు పడుతుంది, ఆ గీతల్లో వాసన కూర్చుంటుంది. సిల్వర్ గిన్నెకు నిమ్మ తొక్కా చింతపండు పిప్పీ పడవు, చిన్న చిన్న గుంతలు పడతాయి. మట్టి కుండ సంగతి వేరు. బెంగళూరులో పూనమ్ బీర్ కస్తూరి 2006లో డైలీ డంప్ పేరుతో మొదలుపెట్టిన అంతస్తుల మట్టి కుండలు చాలా ఇళ్లలో చెత్తను ఎరువు చేస్తున్నాయి. మట్టి గాలిని పోనిస్తుంది, తేమను పీలుస్తుంది. కానీ అది వరండాలో ఎరువు మాగడానికి మంచిది. రోజూ తోమాల్సిన చోట మట్టిది పెడితే అది పీల్చుకున్నది ఎన్ని కడుగుళ్లకూ వదలదు. మూత బదులు పాత నూలు పంచె ముక్క కట్టండి. ఆవిరి పోతుంది, ఈగ రాదు. కంపోస్టబుల్ అని రాసిన కవర్లకు డబ్బు పోయకండి. వాటిలో చాలావరకు ఫ్యాక్టరీ కుప్పల్లోని అరవై డిగ్రీల వేడికే కరుగుతాయి, ఇంటి కుండలో కవరు కవరుగానే మిగులుతుంది.

ఇక ఎంగిలి. చెత్త డబ్బాను పొయ్యి గట్టు మీద పెడితే పెద్దవాళ్లు ఒప్పుకోరు. దేవుడి అర పక్కన ఎంగిలేందని కసురుతారు. కొత్తగా కంపోస్టు మొదలుపెట్టిన పిల్లలు దాన్ని చాదస్తం అనుకుంటారు. ఈ తగవులో నేను పెద్దవాళ్ల పక్షం. పచ్చి పొట్టూ, తొక్కా, ఆకుకూర కాడలూ కత్తి పీట కింద పడ్డవి. వాటిలో ఉప్పు లేదు, నూనె లేదు. కంచంలో మిగిలిన పప్పన్నం, మాంసం ముక్క, బొక్కలు ముందు కుళ్లేవీ, ఎలుకనూ పందికొక్కునూ పిలిచేవీ. ఎంగిలి ఇంట్లోకి వద్దన్న ఆచారం, వండినది ఇంటి కుండలో వేయొద్దన్న కంపోస్టు సూత్రం ఒకే చోట కలిశాయి. పచ్చిది గట్టు మీది గిన్నెలోకి, ఎంగిలి బాసన్లు తోమే చోట వేరే గిన్నెలోకి. రెండోది చెత్త బండికి పోవచ్చు.

అమెరికా వెళ్లిన మన పిల్లలకూ ఈ బాధ తప్పలేదు. కాలిఫోర్నియాలో 2022 జనవరి నుంచి ఆహార వ్యర్థాలను వేరుగా వేయాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. బండి వారానికోసారి వస్తుంది కాబట్టి కొందరు పొట్టూ తొక్కా కవర్లో కట్టి ఫ్రీజర్‌లో దాస్తారు. గడ్డ కట్టినది కుళ్లదు, సైన్సు సరైనదే. ఉల్లిగడ్డ పొట్టుకు ఫ్రిజ్‌లో చోటిచ్చామని బాన్సువాడలో ఎవరికైనా చెప్పి చూడండి.

మనకు ఆ అవసరం లేదు, ఎందుకంటే మన చుట్టూ వరిగడ్డి ఉంది. తడి చెత్తలో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. కుప్ప బాగా మాగాలంటే ఒక పాలు నత్రజనికి పాతిక ముప్పై పాళ్ల కర్బనం కావాలి. కోత మిషన్ పోయాక పొలంలో కాల్చేస్తున్న గడ్డి అదే. ఒక మోపు తెచ్చి సన్నగా నరికి కుండ పక్కన పెట్టుకుంటే నెలలు వస్తుంది. గిన్నె గుమ్మరించినప్పుడల్లా తడి కనబడకుండా గడ్డి కప్పాలి. రైస్‌మిల్లు ఊక కూడా కలపొచ్చు. త్వరగా కుళ్లదు గానీ లోపల గాలి ఆడనిస్తుంది.

మొన్న ఒకాయన పెద్ద డబ్బా కొనితెచ్చి నాకు చూపిస్తుంటే వాళ్లావిడ వెనక నుంచి అన్నది: "తెచ్చేది ఆయన, కడిగేది నేను గదన్నా." ఆయన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. కడిగేవాళ్ల చేతికి ఏది లొంగితే అదే ఆ ఇంటి డబ్బా. మగవాళ్లు రోజూ తామే కడుగుతామంటే ఇరవై లీటర్లది తెచ్చుకోనీ, నాకు అభ్యంతరం లేదు.

ఈ వారం మాత్రం కొత్తది కొనకండి. అంచు వంగి అటక ఎక్కిన స్టీలు గిన్నె ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. దాన్ని దించి అడుగున రెండు మడతల పేపరు పరవండి. కారే నీటిని అది పీలుస్తుంది, చెత్తతో పాటే కుండలోకి పోయి మాగుతుంది. నున్నటి రంగుల పేజీ వద్దు. ఈ కాలమ్ ఉన్న పేజీ బాగా పనికొస్తుంది.