నాన్న మారకపోతే?

‘బొమ్మరిల్లు’ (2006) చివర్లో కొడుకు నోరు విప్పుతాడు, తండ్రి కళ్ళు తెరుస్తాడు. ఆ సీన్‌కి నేనూ ఏడ్చాను. అయితే అక్కడ తండ్రిది అతిప్రేమ. బెల్టు తీసే తండ్రి అయితే? ఎంత చెప్పినా వినకపోతే?

విక్రమాదిత్య మోత్వానే హిందీ సినిమా ‘ఉడాన్’ (2010) ఈ ప్రశ్నని తప్పించుకోదు. జంషెడ్‌పూర్‌లో రోహన్ తన తండ్రిని ‘సర్’ అని పిలవాలి. కవిత్వం పక్కన పెట్టి ఫ్యాక్టరీలో పనిచెయ్యాలి. పొద్దున్నే ఆయనతో పరుగెత్తి ఓడిపోవాలి. రోనిత్ రాయ్ ఆ తండ్రిని విలన్‌లా చెయ్యలేదు. కొడుకుని మగాణ్ణి చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మే మనిషిలా చేశాడు. నన్ను భయపెట్టింది ఆ నమ్మకమే.

చివరికి రోహన్ ఆయన్ని దాటి పరుగెత్తుతాడు. సినిమా అక్కడే ఆగినా చప్పట్లు పడేవి. కానీ అతను తిరిగొస్తాడు, ఆరేళ్ళ తమ్ముడు అర్జున్ కోసం. తరతరాలుగా కొడుకులకి అందుతున్న గడియారాన్ని ఆ ఇంట్లోనే వదిలేస్తాడు.

తండ్రి పశ్చాత్తాపపడితేనే కొడుకు గాయం మానుతుందని మన కథలు మనకి అలవాటు చేశాయి. ఆ క్షమాపణ ఎప్పటికీ రాని కొడుకులు బోలెడంతమంది. వాళ్ళకి ‘ఉడాన్’ చెప్పేది ఒకటే: ఆయన మారేదాకా ఆగక్కర్లేదు. దెబ్బ నీ దగ్గర ఆగితే చాలు.